‘గంజాయి ఒక మత్తుమందు’: ఈ వాక్యంలో ఏ మాట తప్పు?

లలిత:
గంజాయి మీద తెలుగు కరపత్రాల్లో తరచూ కనిపించే ధోరణి ఇది: "గంజాయి ఒక మత్తుమందు. దాని వల్ల మెదడు కణాలు చచ్చిపోతాయి, పిచ్చెక్కుతుంది. గంజాయి ఆకు దగ్గరుంటే జైలే." వ్యాకరణానికి వంక లేదు. కానీ డాక్టరుకు చూపిస్తే ఒకచోట, ప్లీడరుకు చూపిస్తే ఇంకోచోట మొహం చిట్లిస్తారు. మాటామాటా విప్పి చూద్దాం. ముందు 'మత్తుమందు'. ఆపరేషన్ ముందు ఇచ్చేదీ అదే, నల్లమందూ అదే, గంజాయీ అదే. మూడింటినీ ఒక్క మాటతో నెట్టుకురావచ్చా?

ఫణీంద్ర:
'మందు'తో గొడవ లేదండీ. ఔషధం, సారా, తుపాకిమందు, పురుగుమందు, దేన్నంటున్నామో సందర్భమే చెబుతుంది. చిక్కంతా 'మత్తు'లో ఉంది. సంస్కృతంలో 'మత్త', ధాతువు 'మద్'. అంటే పొంగిపోవడం, ఒళ్ళు తెలియకపోవడం. మత్తగజం అంటే కునికిపాట్లు పడే ఏనుగు కాదు కదా! తెలుగులోకి వచ్చాక అర్థం వాలిపోయింది. "మత్తుగా ఉంది" అంటే కళ్ళు మూతలు పడుతున్నాయని. అదే ధాతువు నుంచి 'ఉన్మత్త' వచ్చింది, దాన్నుంచి మన ఉమ్మెత్త. ఉమ్మెత్త తిన్నవాడు హాయిగా పడుకోడు, ఎదురుగా లేనివాళ్ళతో మాట్లాడతాడు.

'నార్కోటిక్' కథ దీనికి తలకిందులు. గ్రీకులో 'నార్కే' అంటే తిమ్మిరి, మొద్దుబారడం. మాదకద్రవ్యాల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టానికి హిందీ పేరులో 'స్వాపక' అని పెట్టారు, నిద్రపుచ్చేది అని. ఆ చట్టం లెక్కలో గంజాయీ నార్కోటిక్కే, కొకెయినూ నార్కోటిక్కే. కొకెయిన్ నిద్రపుచ్చడమేమిటి, ఉన్న నిద్రను తరిమేస్తుంది. కాబట్టి చట్టంలో అది జాబితా పేరే తప్ప గుణం పేరు కాదు. నా ఓటు 'మాదకద్రవ్యా'నికి. 'మత్తుమందు'ను ఆపరేషన్ థియేటరుకు వదిలేద్దాం.

శైలజ:
ఫార్మకాలజీ, అంటే మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చూసే శాస్త్రం వైపు నుంచి ఫణీంద్ర గారికి నా మద్దతు. మనం మత్తు అనేవాటన్నిటికీ మెదడులో తలుపులు వేరు. నల్లమందు, మార్ఫిన్, హెరాయిన్ పట్టుకునేవి మ్యూ గ్రాహకాలను. గ్రాహకం అంటే రసాయన కబురు అందుకునే కణం మీది తలుపు. అవి ఊపిరిని నడిపే కేంద్రాల్లోనూ ఉంటాయి కాబట్టి మోతాదు మించితే ఊపిరి ఆగిపోతుంది. సారా, ఆపరేషన్‌లో ఇచ్చే మత్తుమందుల్లో చాలా రకాలు 'గాబా' అనే అణిచే సంకేతానికి బలం ఇస్తాయి. గంజాయిలో కైపెక్కించే పదార్థం టీహెచ్‌సీ, అది పట్టుకునేది సీబీ1 గ్రాహకాన్ని. జ్ఞాపకాలు రాసుకునే హిప్పోక్యాంపస్‌లో, కదలికను సరిచూసే సెరిబెల్లంలో, ముందుమెదడు పైపొరలో ఇవి దట్టంగా ఉంటాయి. ఊపిరి కేంద్రాల్లో చాలా పలచన. అందుకే పెద్దవాళ్ళలో గంజాయి ఒక్కదానితో నల్లమందు తరహా మరణం కనిపించదు. అంతమాత్రాన ప్రమాదం లేదనుకోకండి. గుండె దడ, ఉన్నట్టుండి పట్టుకునే భయం, బండి నడిపేటప్పుడు దూరం అంచనా తప్పడం, ఇవన్నీ ఉన్నవే. 'స్పైస్' లాంటి పేర్లతో ఎండుటాకు మీద రసాయనం చల్లి అమ్మే కృత్రిమ సరుకును గంజాయి ఖాతాలో వేయకండి. టీహెచ్‌సీ ఆ గ్రాహకాన్ని కొంతవరకే తిప్పే తాళంచెవి. అవి పూర్తిగా తిప్పేస్తాయి. వాటితో మూర్ఛలు, మరణాలు నమోదయ్యాయి.

మాటల మీద మోజున్న మన గుంపుకు నచ్చే ముక్క ఒకటి చెబుతాను. నాడీకణాల మధ్య కబురు మామూలుగా ముందుకే పోతుంది. సీబీ1 దగ్గర మాత్రం, కబురు అందుకున్న కణమే "ఇక చాలు" అని వెనక్కి చెప్పి పంపుతుంది. ఆ మాట మోసే పదార్థాల్లో ఒకదాన్ని 1992లో జెరూసలేంలో రాఫెల్ మెషులమ్ బృందం వేరుచేసి, 'ఆనంద' అనే సంస్కృత పదానికి 'అమైడ్' తగిలించి పేరు పెట్టింది. మన పత్రికలు దాన్ని ఇంగ్లీషు ఉచ్చారణలోంచి లాక్కొచ్చి 'అనాండమైడ్' అని రాస్తాయి. మన పిల్లే మనకు పరాయి పేరు చెప్పుకున్నట్టుంది. 'ఆనందమైడ్' అని రాయండి.

ఆనందమైడ్ అవసరమైన చోట, అవసరమైనప్పుడు పుడుతుంది. ఒక ఎంజైము దాన్ని చూస్తుండగానే విరిచేస్తుంది. టీహెచ్‌సీకి ఆ క్రమశిక్షణ లేదు. మెదడంతటా ఒకేసారి, గంటల తరబడి "చాలు, చాలు" అంటూనే ఉంటుంది. అప్పుడు హిప్పోక్యాంపస్ కొత్త జ్ఞాపకాన్ని సరిగా రాసుకోలేదు. మొదలెట్టిన వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోయేది అందుకే.

ఇక 'చచ్చిపోతాయి' కొట్టేయండి. రోజూ తాగేవారిలో పైపొర ప్రాంతాల్లో సీబీ1 గ్రాహకాలు సుమారు ఐదో వంతు తక్కువ ఉన్నాయని 2012లో పెట్ స్కాన్‌తో చూశారు. దాదాపు నాలుగు వారాలు మానేశాక అవి మామూలు స్థాయికి వచ్చాయి. కణాలు చావడం కాదది, గ్రాహకాలు తగ్గడం. మానేస్తే తిరిగొస్తుందన్న కబురు వాడేవాడికి కావలసినది. 'చచ్చిపోతాయి' అని రాసి ఆ కబురు మనమే తొక్కేస్తున్నాం.

లలిత:
'ఎక్కడం', 'దిగడం' సంగతి? కైపు ఎక్కిందంటాం, నిషా దిగిందంటాం. లెక్క ఒక్కటేనా?

శైలజ:
దారిని బట్టి మారుతుంది. పొగ పీలిస్తే నిమిషాల్లో ఎక్కుతుంది, అరగంటలోపే శిఖరం, రెండు నుంచి నాలుగు గంటల్లో చాలావరకు దిగుతుంది. తింటే ఎక్కడానికే అరగంట నుంచి గంటన్నర. కాలేయం టీహెచ్‌సీని 11-హైడ్రాక్సీ రూపంలోకి మారుస్తుంది, మెదడులోకి అది ఇంకా తేలిగ్గా దూరుతుంది. ఆసుపత్రి కేసుల్లో తరచూ వినిపించే మాట "ఎక్కలేదు". ఎక్కలేదని ఇంకో ముక్క తింటారు, తర్వాత రెండూ కలిసి ఎక్కుతాయి.

దిగడం ఒకటి, ఒంట్లోంచి పోవడం ఇంకొకటి. టీహెచ్‌సీ కొవ్వులో దాక్కుంటుంది. రోజూ వాడేవారి మూత్రంలో దాని శేషం వారాల తరబడి పరీక్షకు దొరుకుతుంది. కాబట్టి "పాజిటివ్ వచ్చింది" అన్నది "మత్తులో ఉన్నాడు" అన్నదానికి అనువాదం కాదు.

గోపాలకృష్ణ:
నా పేచీ 'వల్ల'తో. ఇంత చిన్న విభక్తి ఇంత పెద్ద అబద్ధం ఆడగలదని ఈ విషయంలోనే తెలుస్తుంది. "గంజాయి వల్ల పిచ్చి" అనగానే కారణం తేలిపోయినట్టే. అధ్యయనాలు చాలావరకు చెప్పేది "గంజాయి వాడేవారిలో సైకోసిస్, అంటే వాస్తవంతో పట్టు తప్పే జబ్బు, ఎక్కువ" అని. ఆ 'లో'కీ ఈ 'వల్ల'కీ మధ్య ముప్పై ఏళ్ళకు పైబడిన వాదన ఉంది.

స్వీడన్‌లో సైన్యంలో చేరే యువకులను తీసుకుని 1987లో ప్రచురించిన అధ్యయనం చూడండి. 18 ఏళ్ళ నాటికి 50 సార్లకు మించి వాడినవారిలో తర్వాత స్కిజోఫ్రీనియా ఆరు రెట్లు కనిపించింది. ముందునుంచే ఉన్న మానసిక ఇబ్బందులు, కుటుంబ పరిస్థితులు లెక్కలోంచి తీసేస్తే ఆ అంకె బాగా తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. యూరప్‌లోని నగరాలతో పాటు బ్రెజిల్‌లోనూ చేసి 2019లో ప్రచురించిన దానిలో, టీహెచ్‌సీ 10 శాతమో అంతకు మించో ఉన్న సరుకు రోజూ వాడేవారిలో సైకోసిస్ వచ్చే అవకాశం ఎన్నడూ వాడనివారి కంటే దాదాపు ఐదు రెట్లు. మోతాదు పెరిగేకొద్దీ సంబంధం బలపడుతోంది కాబట్టి 'వల్ల' వైపు వాళ్ళకు బలం ఉంది. జబ్బు మొదలవుతున్న మనిషే ఊరట కోసం గంజాయి పట్టుకుంటాడేమో, రెండింటికీ జన్యువుల్లోనే వేరొక మూలం ఉందేమో అన్నది అవతలి వాదన. అదీ కొట్టేయదగ్గది కాదు. నా మట్టుకు నేను 'వల్ల'ను పూర్తిగా తీసేయను. "ముప్పు పెరుగుతుంది" అని రాస్తాను. 'పిచ్చెక్కుతుంది' అంటే వాడిన ప్రతివాడికీ ఎక్కాలి. చాలామందికి ఎక్కదు, అది చూసిన కుర్రాడు కరపత్రం మొత్తాన్ని అబద్ధం కింద కొట్టేస్తాడు.

ఐక్యూ విషయంలోనూ ఇదే తంతు. 2012 నాటి న్యూజిలాండ్ అధ్యయనంలో, టీనేజిలో మొదలెట్టి మానకుండా సాగించినవారిలో 38 ఏళ్ళకు 8 పాయింట్ల దాకా తగ్గుదల కనిపించింది. 2016లో కవలలను పోల్చి చూస్తే, వాడిన కవలకూ వాడని కవలకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. "తెలివి తగ్గుతుంది" అని ఖరాఖండిగా రాయడానికి లేదు. "లేత వయసులో మొదలెడితే ముప్పు ఎక్కువ" అని రాయడానికి ఉంది. ముందుమెదడు ఇరవై అయిదేళ్ళ దాకా ఎదుగుతూనే ఉంటుంది మరి.

ప్రసాదరావు:
చట్టం దగ్గరికి వద్దాం. కరపత్రంలో "గంజాయి ఆకు దగ్గరుంటే జైలే" అని ఉంది. మూడు వాక్యాల్లో కోర్టు లెక్కన పూర్తిగా తప్పింది ఇదే.

ఎన్‌డీపీఎస్ చట్టం 2వ సెక్షన్‌లో మూడు మాటలు విడివిడిగా ఉన్నాయి. 'చరస్' అంటే వేరుచేసిన బంక, హషీష్ నూనెతో సహా. 'గంజా' అంటే మొక్క పూత, కాయ కొసలు. ఆ కొసలు జతగా లేనప్పుడు గింజలు, ఆకులు లెక్కలోకి రావు. 'కెనబిస్ మొక్క' మూడోది, ఆ ప్రజాతిలో ఏ మొక్కైనా సరే. ఈ విడదీత 1961 అంతర్జాతీయ ఒప్పందంలోంచి వచ్చింది. ఉత్త ఆకు, అంటే భంగు, అందుకే ఈ చట్టం బయట మిగిలింది. దాని సంగతి రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాలు చూసుకుంటాయి.

తెలుగులో చెట్టుకూ, ఆకుకూ, పూతకూ, ఎండబెట్టిన సరుకుకూ 'గంజాయి' అన్న ఒక్క మాటే. పంచనామాలో "గంజాయి ఆకు 22 కిలోలు" అని రాశారనుకోండి. డిఫెన్స్ ప్లీడరు మొదట పట్టుకునేది ఆ 'ఆకు'నే. పూత ఉందా, లేదా? ఉంటే ఆకూ కాడా కలిపి తూచారా, విడదీసి తూచారా? గంజాయికి కిలో లోపైతే 'స్వల్ప పరిమాణం', 20 కిలోలు దాటితే 'వాణిజ్య పరిమాణం'. మొదటిదానికి ఏడాది వరకు కఠిన జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. రెండోదానికి తక్కువలో తక్కువ పదేళ్ళు, గరిష్ఠం ఇరవై, లక్షకు తగ్గని జరిమానా, 37వ సెక్షన్ కింద బెయిలు గగనం. 22 కిలోల్లో మూడు కిలోలు పూత లేని వట్టి ఆకు అని తేలిందా, కేసు ఒక మెట్టు దిగిపోతుంది. అందుకని పంచనామాలో రంగు, వాసన, పూత కొసలు ఉన్నాయా లేదా, ఆకు, కాడ, గింజ ఎలా ఉన్నాయి అన్నది విడిగా రాయాలి. 'గంజాయి లాంటి పదార్థం' అని రాసి ఊరుకుంటే రెంటికీ చెడుతుంది.

చరస్‌కు అంకెలు వేరు, 100 గ్రాములు, ఒక కిలో. సాగుకు ఈ ఆకు-పూత తేడా అసలు లేదు, అనుమతి లేకుండా మొక్క పెంచితే పదేళ్ళ వరకు పడవచ్చు. వాడినందుకు 27వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు. చికిత్సకు తనంతట తాను ముందుకొచ్చిన వ్యసనపరుడికి 64ఏ రక్షణ ఉంది. కరపత్రంలో ఉండాల్సింది ముందుగా ఇది.

సుగుణ:
మొక్క పేరు గురించి ఒక మాట. 'హెంప్', అంటే నార కోసం పెంచే గంజాయి, అన్న చోటల్లా 'జనపనార' అని వేస్తున్నారు. జనపనార అంటే జూట్, కోర్కోరస్. జనుము క్రోటలేరియా, చిక్కుడు కుటుంబం. గోగు హైబిస్కస్ కెనబినస్, మందార జాతి. దాని ఆకు గంజాయి ఆకులా చీలి ఉంటుంది కాబట్టే శాస్త్రనామంలో ఆ 'కెనబినస్'. నాలుగూ నారమొక్కలే, నాలుగూ వేరు. ఉత్తరాఖండ్ 0.3 శాతం లోపు టీహెచ్‌సీ ఉన్న రకానికి నార కోసం సాగు అనుమతి ఇస్తే, దాన్ని 'జనుము సాగుకు లైసెన్సు' అని రాస్తే ఎవరికేం అర్థమవుతుంది? 'నార గంజాయి' అనండి, మోటుగా ఉన్నా సరే.

ఫణీంద్ర:
మోటేం కాదు సుగుణ గారూ. పాణిని తన వ్యాకరణ సూత్రం 5.2.4లో నువ్వులు, మినుములు, అవిసెతో పాటు 'భంగా'ను కూడా వరసలో పెట్టి, అది పండే పొలాన్ని 'భంగ్యం' లేదా 'భాంగీనం' అనవచ్చన్నాడు. ఆ సూత్రంలో అది పొలంలో పంట, అంతే. 'గంజాయివనంలో తులసిమొక్క' నానుడి వచ్చేసరికి ఆ మొక్క చెడ్డదైపోయింది.

లలిత:
చివరిగా 'లీగలైజేషన్', 'డీక్రిమినలైజేషన్'. రెండింటికీ 'చట్టబద్ధం' అనే వేస్తున్నారు.

ప్రసాదరావు:
మూడు పద్ధతులున్నాయండీ, మూడు క్రియలు కావాలి. ఉరుగ్వే 2013లో, కెనడా 2018 అక్టోబరు 17 నుంచి చేసింది చట్టబద్ధం చేయడం. కెనడాలో పెద్దవాళ్ళు బయట 30 గ్రాముల దాకా దగ్గర పెట్టుకోవచ్చు, అమ్మకానికి లైసెన్సు ఉంటుంది. పోర్చుగల్ 2001లో చేసింది నేరాల్లోంచి తీసేయడం. దొరికితే సరుకు లాక్కుంటారు, కమిషన్ ముందుకు పంపుతారు, జైలు లేదు, అలాగని అనుమతీ లేదు. నెదర్లాండ్స్‌ది మూడో దారి. చట్టంలో నిషేధమే, కాఫీషాపులో ఒక్కరికి 5 గ్రాముల లోపు అమ్మితే కేసు పెట్టరు. దానికి తెలుగులో 'చూసీచూడనట్టు వదిలేయడం' కంటే మంచి అనువాదం లేదు. డీక్రిమినలైజేషన్‌కు 'నిర్నేరీకరణ' అని ఒకరు వాడారు. పలికేలోపు కేసు వాయిదా పడుతుంది.

2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి కమిషన్ 27-25 ఓట్లతో గంజాయిని ఆ 1961 ఒప్పందంలోని నాలుగో షెడ్యూలు నుంచి తీసేసింది, భారత్ కూడా అవునని ఓటేసింది. మొదటి షెడ్యూల్లో మాత్రం ఉంచారు. దాన్ని 'చట్టబద్ధం చేశారు' అని రాస్తే తప్పు. 'అత్యంత ప్రమాదకర జాబితా నుంచి తీశారు' అంటే సరిపోతుంది.

లలిత:
ఇంతవరకు వచ్చినదాన్ని కలిపితే ఇలా: "గంజాయి ఒక మాదకద్రవ్యం. జ్ఞాపకం, ఏకాగ్రత, దూరం అంచనా కొన్ని గంటల పాటు చెడతాయి. చిన్న వయసులో మొదలెట్టి రోజూ వాడేవారికి సైకోసిస్ ముప్పు పెరుగుతుంది. గంజాయి పూత, చరస్ దగ్గర పెట్టుకోవడం, వాడటం, మొక్క పెంచడం భారతదేశంలో నేరం. మానాలనుకుని చికిత్సకు వచ్చేవారికి చట్టంలో రక్షణ ఉంది."

గోపాలకృష్ణ:
'కొన్ని గంటల పాటు' దగ్గర "తింటే ఇంకా ఎక్కువసేపు" చేర్చండి.

సుగుణ:
అట్ట మీద బొమ్మ కూడా మార్చాలి. ఏ కరపత్రం చూసినా ఏడు రేకల ఆకే. ప్రసాదరావు గారి లెక్కన ఆ ఆకు ఒక్కటే అయితే ఎన్‌డీపీఎస్‌లోకి రాదు. పైగా గీసినవాడి చెయ్యి కాస్త తడబడితే గోగాకవుతుంది.