అప్‌డేట్: పూల్ టేబుల్ రెయిల్ మీద గీతలు, చివరికి ఏం చేశానంటే

తిరుపతిలో ఇల్లు మారేటప్పుడు మా పూల్ టేబుల్ లామినేట్ రెయిల్ (టేబుల్ చుట్టూ ఉండే అంచు చట్రం) మీద గీతలు పడ్డాయని, ఎమెరీ పేపర్‌తో రుద్దొచ్చా అని పోయిన నెల అడిగాను. వద్దన్న వాళ్లందరికీ థ్యాంక్స్.

పనికి ముందు మా వీధి వడ్రంగి ఆచారిని పిలిచి చూపించాను. "ఇది చెక్క కాదు సార్, సన్‌మైకా లాంటిదే. చెక్క డిజైన్ అంతా లోపలి కాగితం మీద ప్రింటే. రుద్దితే అదే పోతుంది" అన్నాడు. గుండె ఝల్లుమంది. ముందురోజే ఎమెరీ పేపర్ కొని తెచ్చి పెట్టుకున్నాను మరి!

పచ్చ క్లాత్‌కి మరక అంటకుండా అంచు పొడవునా మాస్కింగ్ టేప్ వేశాను. సబ్బు నీళ్లలో ముంచి గట్టిగా పిండిన బట్టతో తుడిస్తే సగం గీతలు పోయాయి. అవి గీతలే కావు, ప్యాకింగ్ తాడు రుద్దుకున్న మరకలు. సన్నగా తెల్లగా కనిపించేవాటికి చెక్క రంగు పూసే ఫర్నిచర్ మార్కర్ పెన్ను సరిపోయింది.

కార్నర్ పాకెట్ (మూలన బంతి పడే రంధ్రం) దగ్గర గోరు తగిలేంత లోతుగా ఉన్నదే ఇబ్బంది పెట్టింది. ఫిల్లర్ మైనం ముదురు రంగొకటి, లేతదొకటి వేళ్ల మధ్య నలిపి కలిపి, గీతలోకి నొక్కి, పాత ఏటీఎం కార్డు అంచుతో అడ్డంగా గీకేశాను. మొదటిసారి రంగు బాగా నల్లగా వచ్చింది. తీసేసి మళ్లీ పెట్టాను. వంగి, లైటు పక్కనుంచి పడేలా చూస్తే ఇప్పటికీ తెలుస్తుంది. నిలబడి ఆడుతుంటే మాత్రం కనిపించదు.

మైనం ఎండకి మెత్తబడుతుంది కాబట్టి టేబుల్‌ని కిటికీ నుంచి లోపలికి జరిపించాం.