బ్యాంకు కౌంటరులో ఊరి పెద్దలను ఏమని పిలవాలి? ‘నువ్వు’ అంటే అమర్యాదేనా?

ప్రశ్న: కౌంటరు ఉద్యోగి, హనుమకొండ

నేను హనుమకొండ జిల్లాలోని ఒక బ్యాంకు శాఖలో కౌంటరు పని చూస్తాను. పరకాల, శాయంపేట, ఆత్మకూరు వైపు ఊళ్ల నుంచి పంట రుణాల కోసం వచ్చే రైతులు, పింఛను తీసుకునే వృద్ధులు, మహిళా సంఘాల సభ్యులు మా ఖాతాదారుల్లో ఎక్కువ. ప్రతి ఒక్కరినీ ‘సార్’ అని గానీ ‘మేడం’ అని గానీ పిలవాలని, ‘మీరు’ అని తప్ప మాట్లాడకూడదని మాకు శిక్షణలో చెప్పారు. నియమం మంచిదే కాని, మా కౌంటరు దగ్గరకు వచ్చేసరికి అది తడబడుతోంది. పంచె కట్టుకుని, భుజాన తువ్వాలతో వచ్చిన డెబ్బై ఏళ్ల మనిషిని ‘సార్, మీ పాస్‌బుక్కు ఇవ్వండి’ అని అడిగితే, తన వెనక ఎవరైనా అధికారి నిలబడ్డారేమోనని ఆయన తిరిగి చూస్తాడు; లేదంటే ‘నన్ను సారంటవేంది బిడ్డా’ అని నవ్వుతాడు. అదే మనిషి నన్ను మొదటి మాట నుంచే ‘నువ్వు’ అంటాడు. అందులో నాకు ఏ లోటూ కనిపించదు. కృష్ణా జిల్లా నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన మా సహోద్యోగికి మాత్రం ‘పైసలు ఎప్పుడిస్తవ్?’ అన్న ప్రశ్న విన్న ప్రతిసారీ మనసుకు కష్టంగా ఉంటోందట. ఇక్కడివాళ్లకు మర్యాద తెలియదని ఆయన దాదాపు తీర్మానించుకున్నాడు.

నేను తెలుసుకోవాలనుకున్నది రెండు సంగతులు. ముఖపరిచయం లేని పెద్దవాళ్లను ఏమని పిలిస్తే గౌరవంగానూ, పరాయితనం లేకుండానూ ఉంటుంది? సర్వరు పని చేయనప్పుడో, కేవైసీ కాగితం తక్కువైనప్పుడో పని కాదని చెప్పవలసి వస్తే, ఇరవై కిలోమీటర్ల దూరం నుంచి బస్సెక్కి వచ్చిన మనిషికి ఆ మాట ఎలా చెప్పాలి?

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు, పరకాల

మన వైపు గౌరవమంతా సర్వనామంలోనే ఉండదని ముందుగా మీ సహోద్యోగికి చెప్పండి. కరీంనగర్, వరంగల్ పల్లెల్లో చాలా ఇళ్లలో పిల్లలు కన్నతండ్రిని ‘బాపూ’ అని పిలిచి, ‘నువ్వు తిన్నవా’ అనే అడుగుతారు. అదే ఇంట్లో బాపు మాటకు ఎదురు చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ ఉండదు. ‘పైసలు ఎప్పుడిస్తవ్ బిడ్డా’ అన్న పెద్దమనిషి మీ సహోద్యోగిని తన కొడుకు వరుసలో చూశాడు కనుకనే అలా అన్నాడు. ‘ఏమోయ్, పైసలు ఎప్పుడిస్తవ్’ అని ఉంటే అది వేరే సంగతి, దానికి నొచ్చుకోవడంలో తప్పు లేదు. అంటే ‘నువ్వు’ అన్నాడా లేదా అని కాకుండా, దాని పక్కన ఏ పిలుపు ఉందో వినడం నేర్చుకుంటే ఆయనకు సగం బాధ తగ్గుతుంది.

ఇక మీరు వాళ్లను పిలిచే విషయానికి వస్తే, ‘అన్నా’, ‘అక్కా’ అన్న పిలుపులకు నొచ్చుకునేవాళ్లను నేనింతవరకు చూడలేదు. బాగా పెద్దవారైతే పురుషులను ‘బాపూ’ అనీ, స్త్రీలను ‘అమ్మా’ అనీ పిలవవచ్చు. ‘అవ్వా’ అనేటప్పుడు మాత్రం కొంచెం జాగ్రత్త అవసరం, ఎందుకంటే కొన్ని ఇళ్లలో అది తల్లిని పిలిచే మాట, మరికొన్ని ఇళ్లలో తల్లికి తల్లిని పిలిచే మాట; జుట్టు ఇంకా నెరవని ఆమెను అలా పిలిస్తే ఆమె ముఖంలోనే తేడా కనిపిస్తుంది. వరుసతో పిలిచి, క్రియ మాత్రం మీ శిక్షణలో చెప్పినట్టే ఉంచండి. ‘బాపూ, ఇక్కడ వేలిముద్ర వేయండి’ అన్న వాక్యం మొదట్లో అతుకు వేసినట్టు వినిపించినా తొందరలోనే నోటికి అలవాటవుతుంది.

ఇంకో మాట. వరంగల్‌లో జీవించిన కాళోజీ నారాయణరావు పుట్టినరోజైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు వేదిక మీద ఈ యాసను పొగిడి, మరునాడు కౌంటరులో అదే యాస వినిపిస్తే మోటుగా ఉందనుకోవడం చదువుకున్న మనవాళ్లలోనే నేను తరచుగా చూసే విచిత్రం. ఆ తప్పు బయటి నుంచి వచ్చిన మీ సహోద్యోగి ఒక్కడిదే కాదు.

జవాబు: భూపాలపల్లి పాఠకుడు

మాస్టారు చెప్పినదానితో నాకు చాలావరకు ఏకీభావమే కాని, ఒక్క సంగతి ఆయన చెప్పకుండా దాటిపోయారు. ఊళ్లో ‘నువ్వు’ అందరికీ ఒకేలా దక్కదు. మాది దళిత కుటుంబం. మా నాయనకు వయసు డెబ్బై దాటింది, అయినా ఊళ్లో కొన్ని ఇళ్ల పిల్లలు ఆయనను ఇప్పటికీ పేరు పెట్టి, ‘రా’ చేర్చి పిలుస్తారు. ఆ పిలుపులో వరుస ఉండదు, బిడ్డా అనీ బాపూ అనీ ఏమీ ఉండదు. తిరిగి ఆయన మాత్రం వాళ్లను ‘పటేలా’ అనాలి. గడీల కాలంలో ‘నీ బాంచెన్ దొరా, కాల్మొక్త’ అనిపించుకున్న నేల ఇది. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో జనం వెట్టితో పాటు ఆ మాటను కూడా వదిలించుకోవాలని చూశారు. మాట పోయింది కాని, దాని వెనకనున్న కొలత మాత్రం అక్కడక్కడా మిగిలే ఉంది.

అందుకని ‘సార్’ అంటే ఆయన వెనక్కి తిరిగి చూశాడన్న మీ మాట చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. తనను ఎవరూ అలా పిలవరని అలవాటైన మనిషి అలాగే తిరిగి చూస్తాడు. ఆ ఇబ్బందిని చూసి, వాళ్లకు ‘మీరు’ అక్కర్లేదని దయచేసి అనుకోకండి. నేను చూసిన కౌంటర్లలో అసలు తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా కనిపిస్తే ‘మీరు’ వస్తుంది, మాసిన పంచె కనిపిస్తే ‘నువ్వు’ వస్తుంది. వరుసకు నలుగురు నిలబడితే ఈ తేడా నలుగురికీ వినిపిస్తుంది. కులం పేరుతో నలుగురిలో దూషిస్తే శిక్షించడానికి 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. చొక్కాను చూసి ‘మీరు’ తగ్గించినవాడిని ఏ చట్టమూ అడగదు. బట్టలను చూడకుండా, ఇంటిపేరును చదవకుండా, లోపలికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒకే క్రియ వాడండి. పైన ‘అన్నా’ అంటారో, ‘బాపూ’ అంటారో అది మీ ఇష్టం, కాని ఒకరికి వరుస కలిపి పక్కవాడికి కలపకపోతే అది కూడా అదే కొలత అవుతుంది.

జవాబు: స్టాఫ్ నర్సు, వరంగల్

మీ రెండో ప్రశ్నకు నేను జవాబు చెప్తాను, ఎందుకంటే పని కాదని రోజూ చెప్పవలసి వచ్చే ఉద్యోగమే నాది కూడా. మన ఇళ్లలో బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటాం, బయలుదేరిన మనిషిని ‘ఎక్కడికి’ అని అడగకుండా ‘దూరమా’ అని అడుగుతాం, ఎవరింటి నుంచైనా లేచేటప్పుడు పోతానని అనకుండా ‘పోయొస్త’ అని చెప్తాం. ‘లేదు’, ‘పో’ అన్న మాటలు ఒంటరిగా చెవిన పడకూడదన్న పట్టింపు ఇంత ఉన్న మనుషులకు, కౌంటరులో ‘సర్వర్ లేదు, రేపు రాపో’ అన్న ముక్క ఎలా వినిపిస్తుందో ఆలోచించండి. ‘అమ్మా, మిషను పొద్దుటి నుంచి పని చేస్తలేదు, రేపు పదకొండు గంటల తర్వాత వస్తే మీ పని అయితది, వచ్చేటప్పుడు ఆధార్ కార్డు జిరాక్సు పట్టుకురండి’ అంటే కూడా ఆమె పని ఈ రోజు కాదు, కాని రేపు ఏం చేయాలో తెలిసి వెళ్తుంది. ఏ కాగితం తక్కువైందో ఒక చీటీ మీద రాసిస్తే ఇంకా మంచిది. ఇంటి దగ్గర చదువుకున్న పిల్లలు చూస్తారు.

మర్యాద గురించి మాట్లాడేటప్పుడు మనం మరచిపోయే ఇంకో సంగతి గొంతు. పెద్దవాళ్లకు చెవులు సరిగా వినిపించవని మనం గట్టిగా మాట్లాడతాం, అది అవసరమే. కాని ‘నీ ఖాతాల రెండు వందలే ఉన్నయ్’ అని హాలంతా వినిపించేలా చెప్పిన తర్వాత ‘మీరు’ అన్నా ‘సార్’ అన్నా ఆ మనిషికి పోయిన పరువు తిరిగి రాదు. మా దగ్గర జబ్బు పేరు అలా అరిచి చెప్పకూడదు, మీ దగ్గర నిల్వ సంగతి అలాంటిదే. కాగితం మీద అంకె వేసి చూపించండి, చదవడం రాకపోతే దగ్గరకు పిలిచి చెప్పండి.

సందర్భం వచ్చింది కనుక ఇదీ చెప్తాను. ‘డాక్టరు సారు చెప్పినారు’ అనే నోరే ‘డాక్టరు మేడం చెప్పింది’ అంటుంది. తెలుగులో ‘ఆమె వచ్చింది’, ‘బస్సు వచ్చింది’ రెండింటికీ క్రియ ఒకటే కావడంతో, స్త్రీల గురించి గౌరవంగా చెప్పాలంటే బహువచనమే దిక్కు. మీ మేనేజరు మహిళ అయితే మీ కౌంటరులో ఏ క్రియ వినిపిస్తోందో ఒకసారి గమనించండి.

జవాబు: కాజీపేట నివాసి

మాది గుంటూరు వైపు. రైల్వే ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. మీ సహోద్యోగి ఇబ్బంది నాకు అర్థమవుతుంది, ఎందుకంటే ‘అండి’ లేని వాక్యం మాకు చెవిలో ఖాళీగా వినిపిస్తుంది. ఇక్కడ మా ‘అండి’ కొందరికి దూరం పెట్టినట్టు వినిపిస్తుందని నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది. మేడారం జాతరలో సమ్మక్క సారలమ్మల గద్దెల ముందు నిలబడి జనం ఏం మాట్లాడుకుంటారో ఆయనను ఒకసారి వినమనండి. మొక్కుగా తెచ్చిన బెల్లాన్ని భక్తితో ‘బంగారం’ అని తప్ప పిలవని మనుషులే, ఆ తల్లులను మాత్రం ‘నువ్వు’ అనే పిలుస్తారు.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. అందరికీ ఒకే క్రియ అన్న మాటను రేపటి నుంచే పాటిస్తాను, నిల్వను చీటీ మీద రాసి చూపించాలన్న సూచనను మా మేనేజరు గారికి కూడా చెప్పాను. ఒక్క చిక్కు మిగిలింది. వరుస కలిపి పిలిస్తే కొందరు ‘అన్నా అంటివి గద, జర నా పని ముందుగాల చూడు’ అని టోకెను పక్కన పెట్టమంటున్నారు. వరుస కలిపిన తర్వాత కాదనడం ఎలా?

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు, పరకాల

భూపాలపల్లి మిత్రుడు చెప్పింది నిజం. ‘పటేలా’ అన్న పిలుపును కౌంటరు దరిదాపుల్లోకి రానివ్వవద్దని నేను మొదటే రాసి ఉండవలసింది. మీ చిక్కుకు వస్తే, వరుస కలిపినప్పుడు అడిగే చనువు ఆయనకు వస్తుంది, దానికి కోప్పడనక్కర్లేదు. ‘అన్నా, మీకంటే ముందు వచ్చినవాళ్లు కూడా నాకు అన్నలే, అక్కలే, మీరు కుర్చీలో కూర్చోండి, మీ వంతు రాగానే నేనే పిలుస్తాను’ అనండి. అలా అన్న తర్వాత పిలవడం మాత్రం మరచిపోవద్దు. గోడ మీది నంబరు బోర్డు చదవలేని వాళ్లు మీ హాలులో చాలామంది ఉంటారు కనుక, నంబరుతో పాటు పేరును, పేరు పక్కన వరుసను చేర్చి, చివరి కుర్చీ దాకా వినిపించేలా పిలవండి.