సముద్రపు గాలికి బిస్కెట్లు మెత్తబడకుండా ఏం చేయాలి?

ఇద్దరం మూడు రోజులు తీరం వెంట కారులో తాపీగా వెళ్లబోతున్నాం. దారిలో తినడానికి ఇంట్లో చేసిన వెన్న బిస్కెట్లు, ఒక అరటిపండు కేకు తీసుకెళ్లాలని ఉంది. బేకింగ్ తెలిసినవాళ్లు కాస్త సలహా ఇవ్వండి.

బిస్కెట్లకు మైదా 200 గ్రాములు, వెన్న 120, పంచదార పొడి 70, చిటికెడు ఉప్పు. 5 మి.మీ. మందాన ఒత్తి 165 డిగ్రీల్లో 16 నిమిషాలు కాలుస్తాను. అంచులు బంగారు రంగుకొచ్చి, మధ్య ఇంకా తెల్లగా ఉండగానే తీసేస్తాను. చల్లారాక విరిస్తే టక్కుమంటాయి. తేమ గాలి తగిలితే మాత్రం రెండో రోజుకే మెత్తబడి, విరగకుండా పొడిపొడిగా నలిగిపోతాయి. పంచదార ఎలాగూ గాలిలోని తేమను లాక్కుంటుంది. దానికి తోడు మధ్యలో పచ్చిదనం మిగిలిపోతోందని నా అనుమానం. 140 డిగ్రీల్లో ఇంకో 8 నిమిషాలు రెండోసారి కాలిస్తే సరిపోతుందా? మందం 3 మి.మీ.కి తగ్గించాలా? తగ్గిస్తే కారు కుదుపులకు ముక్కలవుతాయేమో.

కేకు పూర్తిగా చల్లారాకే చుట్టినా, మర్నాటికి పైభాగం వేలికి అంటుకునేంత జిగురుగా అవుతోంది. మైదా 220 గ్రాములకు పండు గుజ్జు 300 వేస్తున్నాను. గుజ్జు 250కి తగ్గిస్తే లోపల పొడిబారుతుందా? ఎండలో ఆపిన కారు వేడికి బూజు భయం, ఐస్ పెట్టెలో పెడితే గట్టిపడుతుందని భయం.

రెండూ ఒకే డబ్బాలో పెట్టను, కేకు తేమ బిస్కెట్లకు ఎక్కుతుంది. ఆహారానికి వాడే సిలికా జెల్ పొట్లం వేస్తే, రోజుకు ఐదారుసార్లు మూత తీసినా పనిచేస్తుందా? లేక పూటకు నాలుగేసి చొప్పున విడివిడిగా సీల్ చేయడమే మేలా?