శిలీభూత వృక్షం: చెట్టనాలా, దుంగనాలా, మోడనాలా?

సభ్యులకు నమస్కారం. రాయిగా మారిన చెట్లను ‘శిలాజ వృక్షాలు’ అనాలా, ‘శిలీభూత వృక్షాలు’ అనాలా అని సమూహంలో ఒకరు అడిగితే, రెండూ ఒకటేనని, ఏది వాడినా చెల్లుతుందని సమాధానాలు వచ్చాయి. వ్యవహారంలో చెల్లుతాయన్నది నిజమే. అయినా ప్రాచీన అడవుల గురించి పిల్లలకు రాసేటప్పుడు మాటను కాస్త చూసుకుని వాడాలని నా అభిప్రాయం.

‘శిలాజం’ అంటే శిల నుంచి పుట్టినది. రాతిపొరల్లో దొరికే ఆకు అచ్చుకు, గవ్వకు, ఎముకకు, అడుగుజాడకు కూడా ఈ మాట స్థిరపడిపోయింది కాబట్టి దాన్ని కదిలించనక్కరలేదు. కానీ చెట్టు శిలలో పుట్టలేదు. నేల మీద పుట్టి, పెరిగి, కూలి, పూడిపోయిన తరువాత శిల అయింది. ఆ మార్పును చెప్పే మాట ‘శిలీభూతం’. సంస్కృత వ్యాకరణంలో ‘చ్వి’ అనే ప్రత్యయం అంతకుముందు అలా లేనిది అలా కావడాన్ని, అంటే అభూతతద్భావాన్ని, తెలుపుతుంది. ‘శిలా’ శబ్దం చివరి ‘ఆ’ అనే అచ్చు ‘ఈ’గా మారడానికి కారణం అదే. బడి పుస్తకాల్లోని ద్రవీభవనం, ఘనీభవనం, బాష్పీభవనం ఇలా ఏర్పడినవే కనుక, వాటి సరసన ‘శిలీభవనం’ విద్యార్థులకు కొత్తగా తోచదు.

అయితే ఒక తేడాను ఉపాధ్యాయులు విడమరచి చెప్పాలి. మంచు ద్రవీభవించినప్పుడు పదార్థం అదే ఉండి రూపం పోతుంది. చెట్టు శిలీభవించినప్పుడు రూపం నిలిచి పదార్థం మారుతుంది. మాను ఇసుకలోనో బురదలోనో అగ్నిపర్వతపు బూడిదలోనో త్వరగా పూడుకుపోతే, గాలి తగలక కుళ్ళడం మందగిస్తుంది. భూగర్భజలంలో కరిగి ఉన్న సిలికా (ఇసుకలోని ముఖ్య పదార్థం) చెట్టు కణాల గోడల మీద పేరుకుని, లోపలి ఖాళీలను నింపుతూ, కాలక్రమంలో స్ఫటికరూపం దాలుస్తుంది. నీటిలోని ఇనుము వల్ల దానికి ఎరుపు, పసుపు రంగులు వస్తాయి. కణాల కట్టడం ఎంత సూక్ష్మంగా మిగులుతుందంటే, ఆ రాతిని కాంతి పారేటంత పలుచగా అరగదీసి సూక్ష్మదర్శినిలో చూసి, నీటినాళాల అమరికను బట్టి అది ఏ కుటుంబపు చెట్టో చెప్పగలుగుతారు. (సింగరేణి బొగ్గుది దీనికి ఎదురు కథ. అక్కడ ప్రాచీన వృక్షాల కర్బనం మిగిలింది, రూపం చాలామటుకు చెదిరిపోయింది.) మన వృక్షశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో ఈ నీటినాళాల కణజాలానికి ‘దారువు’ అనే పేరుంది కాబట్టి, ప్రయోగశాలలో కోసి చూసే ముక్కను ‘శిలాదారువు’ అనడం ఎంతో సముచితంగా ఉంటుంది.

ఇక ‘వృక్షం’ అన్న రెండో సగం. నాకు అసలు పట్టింపు ఇక్కడే ఉంది.

తమిళనాడులోని విళుప్పురం జిల్లాలో, పుదుచ్చేరికి దగ్గరలో తిరువక్కరై అనే ఊరుంది. అక్కడి రాతిమాన్ల గురించి ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు సొనరా 1781లోనే రాశాడు. ఇప్పుడు ఆ స్థలం భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ సంరక్షించే జాతీయ స్మారకం. సుమారు 2 కోట్ల ఏళ్ల నాటివని చెప్పే ఆ మాన్లకు వేళ్ళు లేవు, కొమ్మలు లేవు, బెరడు లేదు. అవి అక్కడ పెరిగినవి కావని, వరదలో కొట్టుకువచ్చి ఇసుకలో మేట వేసినవని శాస్త్రజ్ఞులు తేల్చారు. వాటిలో గుగ్గిలం కుటుంబానివి, మద్ది, కరక్కాయల కుటుంబానివి, చింత కుటుంబానివి గుర్తించారు. ఆనాటి వానల గురించి, ఎగువ అడవిలోని జాతుల గురించి వాటి నుంచి ఎంతో తెలుస్తుంది. ఏ చెట్టు పక్కన ఏ చెట్టు ఉండేదో, అడవి ఎంత దట్టమో మాత్రం తెలియదు. ఆ స్థలాన్ని ‘రాతి అడవి’ అంటే అక్కడ లేని అడవిని ఉన్నదని చెప్పినట్టవుతుంది. పెరంబలూరు జిల్లా సాత్తనూరులోని 18 మీటర్ల రాతిమాను సంగతి ఇంకా స్పష్టం: అది సముద్రం పేర్చిన పొరల్లో దొరికింది.

గ్రీసు దేశపు లెస్బోస్ దీవిలో, తిరువక్కరైతో ఇంచుమించు సమకాలంలో, అగ్నిపర్వతాల బూడిద చెట్లను నిలిచినచోటనే కప్పేసింది. అక్కడ కొన్ని బోదెలు వేళ్ళతో సహా నిటారుగా ఉన్నాయి. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని గిల్బోవాలో 38 కోట్ల ఏళ్లకు పైబడిన మొదళ్ళు పెరిగిన చోటనే బయటపడ్డాయి. ఇలాంటి చోట మోడుకూ మోడుకూ మధ్య దూరం కొలవవచ్చు, వేళ్ళు పాకిన నేలను పరిశీలించవచ్చు. ‘రాతి అడవి’ అన్న మాట వీటికే తగినది.

అందుచేత, కొట్టుకువచ్చి పడి ఉన్నదాన్ని ‘రాతిదుంగ’ అని, పుట్టినచోటనే నిలిచినదాన్ని ‘రాతిమోడు’ అని వేరుచేసి రాయాలని ప్రతిపాదిస్తున్నాను. రెండింటికీ కలిపి ఒక పేరు కావలసినచోట ‘రాతిమాను’ బాగుంటుంది. తమిళులు వీటిని ‘కల్మరం’ అంటారు. ఆ ‘మరం’, మన ‘మ్రాను’ సోదర పదాలే. పైగా తెలుగులో ‘మాను’ అంటే నిలువెత్తు చెట్టూ అవుతుంది, కొమ్మలు లేని బోదె కూడా అవుతుంది. నిశ్చేష్టులైపోవడాన్ని ‘మ్రాన్పడటం’ అనే భాషకు ఈ మాటను మించినది దొరకదని నా నమ్మకం.

‘మోడు’ అమంగళంగా ధ్వనిస్తుందని, ‘మోడువారిన బతుకు’ వంటి ప్రయోగాలు గుర్తుకు వస్తాయని ఎవరైనా అనవచ్చు. ఆ అభ్యంతరాన్ని గౌరవిస్తాను. అలా తోచినవారు ‘రాతిమొదలు’ అని రాసుకోవచ్చు, వేళ్ళతో నిలిచిందన్న అర్థం దానిలోనూ చెడదు.