ఏడుపు సీన్ కోసం సొంత దుఃఖాన్నే తవ్వుకోవాలా?

కొత్త_తెర:
కొన్నేళ్లుగా నాటకాలు వేస్తున్నాను, ఈమధ్యే చిన్న చిన్న సినిమా వేషాలు వస్తున్నాయి. ఒక యాక్టింగ్ వర్క్‌షాప్‌లో చేరితే అక్కడి సర్ ప్రతి ఏడుపు సీన్‌కీ మా నాన్న పోయిన రోజును తలుచుకోమంటారు. మొదట్లో బాగానే పనిచేసింది, అందరూ మెచ్చుకున్నారు కూడా. ఇప్పుడేమో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, పైగా ఎంత తలుచుకున్నా కన్నీళ్లు రావడం లేదు. అదే చెప్తే "సొంత అనుభవం పెట్టకపోతే అది దొంగ నటన" అంటారు. నిజంగా అంతేనా? ఇంకోటి, షూటింగ్‌లో నాది స్టేజీ యాక్టింగ్‌లా ఉందంటున్నారు. నేర్చుకున్నదంతా పక్కన పెట్టేయాలా?

సైడ్‌వింగ్:
మీ సర్ చెప్పేదాన్ని మామూలుగా రష్యన్ నాటక దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ పేరు మీద నేర్పుతుంటారు. ఆయన మొదట్లో ఎమోషనల్ మెమరీ (సొంత జ్ఞాపకాల్లోంచి భావం తెచ్చుకోవడం) మీద చాలా పనిచేసిన మాట నిజమే, కానీ తర్వాత తర్వాత శరీరంతో చేసే పనుల వైపు మొగ్గాడు. 1934లో స్టెల్లా ఆడ్లర్ అనే అమెరికన్ నటి పారిస్‌లో ఆయన్ని కలిసి, కొన్ని వారాలు ఆయన దగ్గర నేర్చుకుని, న్యూయార్క్ తిరిగొచ్చి తన బృందం గ్రూప్ థియేటర్ వాళ్లకి అదే చెప్పింది: పాత్ర ఉన్న పరిస్థితి, నటి ఊహ, ఇవీ ముఖ్యం, సొంత గాయాలు కాదు అని. అక్కడే నటన నేర్పుతున్న లీ స్ట్రాస్‌బర్గ్ ఒప్పుకోలేదు, తర్వాత న్యూయార్క్‌లో నటులు సాధన చేసే యాక్టర్స్ స్టూడియోలో కూడా తన పద్ధతే కొనసాగించాడు. అప్పటినుంచీ తెగని తగవు ఇది. మీ సర్ అందులో ఒక పక్షం, అంతే.

ఇక పని సంగతి. ఏడవాలని సీన్‌లోకి వెళ్లకండి. చనిపోయిన మనిషి చొక్కా మడతపెట్టే సీన్ అనుకోండి. పై గుండీ ఒక్క దారం మీద వేలాడుతోంది, అది ఊడకుండా మడత పడాలి, పక్కగదిలో వాళ్లకి చప్పుడు వినపడకూడదు. ధ్యాసంతా ఆ గుండీ మీదే పెట్టండి. కన్నీళ్లు వస్తే వచ్చాయి, రాకపోతే గ్లిజరిన్ ఉంది, అందులో నామోషీ ఏమీ లేదు.

పాత_నాటకం:
పైన చెప్పినదాంతో సగమే ఒప్పుకుంటాను. గ్లిజరిన్‌తో నీళ్లొస్తాయి కానీ గొంతు మారదు, ఊపిరి మారదు. నాట్యశాస్త్రం కన్నీళ్లను ఎనిమిది సాత్త్విక భావాల్లో (లోపలి భావం ఒంట్లో బయటపడే తీరుల్లో) ఒకటిగా లెక్కేసి, మనసు పూర్తిగా లగ్నమైతేనే అవి పుడతాయంటుంది. కాకపోతే లగ్నం కావాల్సింది పాత్రలో అని నా అభిప్రాయం, మన ఇంట్లో చావుల్లో కాదు.

కంటిన్యుటీ_అక్క:
చెల్లీ, స్టేజీ మీద నేర్చుకున్నది ఒక్కటీ పారేయకు. చివరి వరుసకి అందాలని చేసేవి మాత్రం తగ్గించు, గొంతు, కనుబొమ్మలు, చేతులు. ఆలోచన తగ్గించకు, క్లోజప్‌లో ఆలోచన ఆగిందంటే ముందు కళ్లలోనే తెలిసిపోతుంది. అసలు చిక్కేంటంటే నాటకం వరసగా నడుస్తుంది, షూటింగ్‌లో క్లైమాక్స్ ముందు తీసి తొలి పరిచయం ఎప్పుడో తర్వాత తీస్తారు. అందుకే స్క్రిప్ట్‌లో ప్రతి సీన్ పక్కనా దీనికి ముందు ఏం జరిగింది, ఈ పిల్లకి అప్పటికి ఏం తెలుసు, ఏం తెలీదు అన్నది రాసుకో. ఏ మాట దగ్గర గ్లాసు ఎత్తావో కూడా గుర్తుండాలి. వైడ్‌లో కుడిచేత్తో, క్లోజప్‌లో ఎడమచేత్తో ఎత్తితే ఎంత గొప్పగా ఏడ్చినా ఆ టేక్ ఎడిటింగ్‌లో పోతుంది (నేను చూస్తుంటాగా).

నిద్ర పట్టనివ్వని ఎక్సర్‌సైజుకి మాత్రం వద్దని చెప్పు. అమెరికన్ టీవీ ఛానెల్ హెచ్‌బీఓ 2018లో సన్నిహిత సన్నివేశాలకు ఇంటిమసీ కోఆర్డినేటర్లను (అలాంటి సీన్లలో నటుల హద్దులు చూసుకునేవాళ్లని) పెట్టడం మొదలుపెట్టింది, ఇప్పుడు చాలాచోట్ల అలాంటి సీన్‌కి ముందే హద్దులు మాట్లాడుకుంటున్నారు. ఏడుపు సీన్‌కి మాట్లాడుకుంటే తప్పేంటి?

కొత్త_తెర:
థాంక్స్ అండీ అందరికీ. అలా అంటే "ఈ అమ్మాయికి కమిట్‌మెంట్ లేదు" అని వేషాలు పోతాయేమోనని టెన్షన్ అక్కా.

కంటిన్యుటీ_అక్క:
పోవచ్చు, అబద్ధం చెప్పను. అందరి ముందూ కాకుండా సర్‌తో విడిగా మాట్లాడు. "ఆ జ్ఞాపకం వాడను సర్, అదే సీన్ ఇంకోలా చేసి చూపిస్తాను, చూసి చెప్పండి" అను. చూడటానికి కూడా ఒప్పుకోకపోతే మిగతా ఫీజు వెనక్కిస్తారేమో అడుగు.