ఊపిరితిత్తి ఆపరేషన్ తర్వాత 12 రోజులైనా ఆగని గాలి లీకు

మా నాన్నగారికి 62 ఏళ్లు. కుడి ఊపిరితిత్తి పై లోబ్ (పై భాగం) తీసేసి ఈరోజుకు 12 రోజులు. లీకైన గాలి బయటకు పోవడానికి ఛాతీలో పెట్టిన గొట్టం ఇంకా తీయలేదు, దాని రెండో కొస నీళ్లున్న సీసాలో ఉంది. మామూలుగా ఊపిరి తీస్తే సీసాలో నీళ్లు కదలవు, దగ్గితే మాత్రం నాలుగైదు బుడగలు వస్తున్నాయి. రాత్రంతా ఆ సీసానే చూస్తూ కూర్చుంటున్నాను. జ్వరం లేదు, ఆక్సిజన్ 94.

ఐదు రోజులు సక్షన్ (గొట్టం ద్వారా గాలిని లాగడం) పెట్టారు, లీకు తగ్గలేదు. మూడు బంతుల స్పైరోమీటర్ (ఊపిరి వ్యాయామ పరికరం) గంటకోసారి చేయిస్తున్నాం, ఊదకుండా లోపలికి పీల్చేలా. రెండో బంతి వరకే లేస్తోంది. రోజూ వరండాలో నడిపిస్తున్నాం. ఇక లీకు మూసుకునేందుకు నాన్నగారి రక్తాన్నే తీసి గొట్టం ద్వారా ఛాతీలోకి పంపుతామని డాక్టరుగారు అంటున్నారు.

ఈ పద్ధతి చేయించుకున్నవారికి, ఆ తర్వాత ఎన్ని రోజులకు బుడగలు పూర్తిగా ఆగాయి?