అద్దె ఇంటి గోడకి కలంకారీ గుడ్డ ఎలా కట్టాలి?

ప్రశ్న: మాది విజయవాడలో అద్దె ఇల్లు. మేకులు కొట్టొద్దని ఓనరుగారు ముందే చెప్పారు. హాల్లో ఒక గోడ పెచ్చులూడి ఉంటే, దాన్ని కప్పేలా పెడన నుంచి మీటరున్నర కలంకారీ గుడ్డ తెచ్చాను. పన్నా 44 అంగుళాలు, మధ్యలో చెట్టు బొమ్మ. రెండువైపులా అంటుకునే టేపుతో అతికిస్తే మూడో రోజుకే కిందపడింది. దాంతోపాటు అరచేతంత డిస్టెంపరు ఊడొచ్చింది, అదొక టెన్షన్. మా అత్తగారేమో పోస్టరు అంటించినట్టు మైదా ఉడికించి రాసెయ్యమంటున్నారు. రాసెయ్యనా?

జవాబు: వద్దండీ. మా ఇంట్లో ఆ ముచ్చట తీరింది. మైదా వాసనకి బొద్దింకలు, పుస్తకాల పురుగులు చేరాయి. ఖాళీ చేసేటప్పుడు గుడ్డ తడిపి లాగితే సున్నం కూడా వచ్చేసింది. అత్తగారితో మాత్రం మెల్లగా చెప్పండి!

ఇంకొకరి జవాబు: టేపు తప్పేం లేదమ్మా. డిస్టెంపరు పొడిలా రాలుతుంది, దానిమీద ఏ జిగురూ నిలవదు. మీ గుడ్డ బరువు పావుకిలోకి అటూఇటూ, అంతే. దాన్ని అతికించకుండా వేలాడదీయండి. ముందు కుంకుడు రసంలో ఒకసారి ఉతికి నీడలో ఆరేయండి. నూలు కదా, కుంచించుకుపోతుంది, కుట్టాక ఉతికితే వంకర తిరుగుతుంది. తర్వాత పైనా కిందా రెండంగుళాలు మడిచి కుట్టించి, పైమడతలో కర్టెన్ రాడ్డు, కిందిమడతలో సన్నటి పీవీసీ పైపు దూర్చండి. కింద బరువుంటేనే ఫ్యాన్ గాలికి గుడ్డ ఎగరదు. అదే శ్రీకాళహస్తిలో కలంతో చేత్తో గీసిన గుడ్డయితే నేను దాన్ని మడిచి కుట్టనివ్వను, వెనకాల విడిగా గుడ్డపట్టీ కుట్టించి అందులో రాడ్డు పెడతాను. ఆ గోడకి పాత మేకులేమైనా ఉన్నాయా?

అడిగినావిడ: రెండున్నాయండీ, గడియారానిదీ ఫోటోదీ. కానీ ఒకటి జానెడు కిందికి ఉంది. ఇంకోమాట, వానాకాలం ఆ గోడ చెమ్మగిల్లుతుంది.

జవాబు: మేకులు ఎగుడుదిగుడైతే ఏం, రాడ్డు రెండు చివర్లకీ నైలాన్ తాడు కట్టి, ఒకవైపు పొట్టిగా, ఒకవైపు పొడుగ్గా వదలండి, సరిపోతుంది. మీరసలు ముందు చెప్పాల్సింది చెమ్మ సంగతి. గుడ్డ గోడకి ఆనుకుంటే నెలలో వెనకాల నల్లమచ్చలు పడి బూజు పడుతుంది. పైనా కిందా రాడ్డు వెనక అంగుళం మందం థర్మోకోల్ ముక్కలు కట్టండి, గాలి ఆడుతుంది. వానాకాలం వారానికోసారి తీసి ఆరేయండి. అసలు నీళ్లు ఎక్కడ కారుతున్నాయో ఓనరుగారికి చూపించండి, ఆ పెచ్చులకి కారణం అదే అయ్యుండొచ్చు.

అడిగినావిడ: కట్టేశానండీ. పడమటి కిటికీ ఎండ సాయంత్రం సరిగ్గా చెట్టు కొమ్మలమీదే పడుతోంది, పర్లేదా?

జవాబు: రంగు వెలిసిపోతుందమ్మా. ఆ కిటికీకి పరదా వేయండి, లేదంటే గుడ్డనే పక్క గోడకి మార్చండి.